చల్లగాలి గొట్టం

మా అన్నయ్యకు ప్లాంటులో పెట్టిన పేరు పదమూడు. ముప్ఫై నాలుగేళ్లు అక్కడే ఆపరేటరుగా చేశాడు. ఆయన్ను అసలు పేరుతో పిలిచింది హాజరు వేసే గుమాస్తా ఒక్కడేనేమో. గాలిని విడదీసే ప్లాంటు అది. బయటి గాలిని లోపలికి లాగి, బిగించి నొక్కి, దుమ్మూ తేమా తీసేసి, నీళ్లలా మారేదాకా చల్లబరుస్తారు. ఆ ద్రవాన్ని ఒక ఎత్తైన స్తంభంలో మళ్లీ మెల్లగా మరిగిస్తారు. నైట్రోజన్‌కు తొందరెక్కువ, ఆవిరై పైకి పోతుంది. ఆక్సిజన్ బద్ధకంగా అడుగునే ఉండిపోతుంది. ఒకటి సున్నాకు కింద నూట తొంభై ఆరు దగ్గర మరిగితే, రెండోది నూట ఎనభై మూడు దగ్గర మరుగుతుంది. మధ్యనున్న తేడా పదమూడు డిగ్రీలు. "ఆ పదమూడు డిగ్రీల సందులోనే మా ఇంటి పొయ్యీ, మా చెల్లెలింటి పొయ్యీ వెలుగుతున్నాయి" అని కొత్తవాళ్లు ఎవరు కనిపించినా చెప్పేవాడు. చెప్పీ చెప్పీ ఆ అంకె ఆయనకే అతుక్కుపోయింది.

నేను ఆయన చెల్లెల్ని. బట్టలు కుడతాను. నాకు నోరెక్కువని అందరూ అంటారు, కాదనను. మా అన్నయ్య గురించి చెప్పాలంటే నా నోటి గురించి కూడా చెప్పక తప్పదు.

ఆయనంత జాగ్రత్తపరుణ్ణి నేనెక్కడా చూడలేదు. ఒళ్లు మండిపోయేంత జాగ్రత్త. ప్లాంటు మా వీధికి పది నిమిషాల నడక. ద్రవ ఆక్సిజన్ బయటికి వదిలిన రోజున ఇంటికొచ్చి కూడా గడప దాటేవాడు కాదు, వాకిట్లో నిలబడి చొక్కా దులుపుకుంటూ ఉండేవాడు. బట్టల్లో ఆక్సిజన్ ఇరుక్కుని ఉంటుందట, పొయ్యి దగ్గరికొస్తే చొక్కా భగ్గుమంటుందట. "దారిలోనే ఎగిరిపోయుంటుంది కదా, లోపలికి రా" అని వదిన కేకేస్తే, "ఇంకో పావుగంట" అనేవాడు. స్తంభాన్ని చలి పోకుండా ఒక పెద్ద ఇనుప పెట్టెలో పెట్టి చుట్టూ తెల్లటి పొడి కూరతారు. దానికి ఏ చిన్న నలత చేసినా ఈయనకు ఇంట్లో అన్నం సయించదు. "మీ అన్నయ్య పెళ్లాడింది నన్ను కాదు, ఆ పెట్టెని" అని వదిన నాతో ఎన్నిసార్లు అందో.

మా ఆయన అదే ప్లాంటులో ఫిట్టరు. అన్నయ్యే చేర్పించాడు. భారీ మనిషి, నవ్వితే పక్కింటివాళ్లు తొంగిచూసేవాళ్లు. బావాబావమరుదులిద్దరూ ఒకే షిఫ్టులో పడితే ఒకే టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టి తినేవాళ్లు.

ఆ ఎండాకాలం మా ఆయనకు మెడ చుట్టూ చెమటకాయలు లేచాయి. పంపుల కింద వాల్వుల గుంట ఒకటుంది. నిలువున్నర లోతు, ఇనుప నిచ్చెన మీద దిగాలి. పక్కనున్న కంప్రెసర్ వేడంతా వచ్చి అందులోనే కూర్చుంటుంది. నాలుగు రోజులుగా ఆయనకు పని అక్కడే పడింది. ఇంటికొచ్చి చొక్కా విప్పితే వీపంతా ఎర్రగా కందిపోయి ఉంది. ఆ సాయంత్రం అన్నయ్య మా ఇంటికొచ్చాడు. నేను మెషిను మీంచి లేవకుండానే అందుకున్నాను.

"మా ఆయన్ని ఆ గుంటలో ఉడకబెడుతున్నారు. నువ్వేమో ప్యానెల్ ముందు చల్లటి గదిలో కూర్చుంటావు. కాస్త గాలి తగిలే ఏర్పాటైనా చెయ్యలేవా అన్నయ్యా?"

"గాలికేం కరువే మా దగ్గర? అదేగా మా సరుకు" అన్నాడు.

"సరుకు ఊళ్లోవాళ్లకీ, చెమటకాయలు మా ఆయనకీనా?"

మా ఆయన మంచం మీద బోర్లా పడుకుని నవ్వాడు. "ఊరుకోవే. చెమట పట్టి చచ్చినవాడు ఎక్కడైనా ఉన్నాడా?"

మా అన్నయ్య వంగి ఆ వీపు చూశాడు. నేను పౌడరు డబ్బా తెచ్చి మా ఆయన వీపు మీద చల్లాను.

ఆ తర్వాత జరిగినదంతా నాకు పదకొండేళ్ల తర్వాత తెలిసింది. అయినా జరిగిన వరసలోనే చెబుతాను, లేకపోతే మా అన్నయ్య మీకు అర్థం కాడు.

ఆ ప్లాంటులో ముఖ్యమైన వాల్వులను మనిషి చెయ్యి తిప్పదు. సన్నటి పైపుల్లో వచ్చే పొడిగాలి తిప్పుతుంది. శుభ్రమైన గాలి, చల్లగా కూడా ఉంటుంది. మర్నాడు మా అన్నయ్య ఆ పైపుకున్న చిన్న కుళాయి తాళం తీసి, దానికి ఒక రబ్బరు గొట్టం తగిలించి, రెండో చివర గుంటలోకి వదిలి, నిచ్చెన మెట్టుకు తీగతో కట్టాడు. సరిగ్గా మా ఆయన మొహానికి తగిలేలా కట్టాడు. మా ఆయన కింద నుంచి "బావా, నువ్వు చల్లగా ఉండాలి" అని అరిచాడట. రెండు రోజులు అలాగే గడిచింది. మా ఆయన చెమటకాయలు తగ్గుముఖం పట్టాయి. ఆయన ఇంట్లో గొట్టం మాట ఎత్తలేదు, పౌడరు పనిచేసిందని నేను సంతోషించాను.

ఇలా చేయకూడదని గోడ మీద బోర్డుంది. ఎందుకు కూడదో ఆ బోర్డు రాయించినవాడికంటే మా అన్నయ్యకే బాగా తెలుసు. కరెంటు పోయి కంప్రెసర్ ఆగితే ఆ పొడిగాలి ఆగిపోతుంది, వాల్వులు అదుపు తప్పుతాయి. అందుకని మారుగా నైట్రోజన్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ప్యానెల్ మీద ఒక ఎర్ర మీట తిప్పితే అవే పైపుల్లోకి గాలికి బదులు నైట్రోజన్ వస్తుంది. వాల్వులకు ఆ తేడా తెలియదు. మనిషి ముక్కుకూ తెలియదు. నైట్రోజన్ విషం కాదు, మనం పీల్చే గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా అదే. కానీ అదొక్కటే పీలిస్తే రెండు మూడు ఊపిర్లలో మనిషి ఒరిగిపోతాడు. ఉక్కిరిబిక్కిరి అవడు, దగ్గడు, ఏదో తేడాగా ఉందని అనుకునే వ్యవధి కూడా ఉండదు.

ఇంత తెలిసినవాడు ఎలా కట్టాడని మీరడగొచ్చు. నేనూ అడిగాను. ఆయన తన షిఫ్టులో తప్ప ఆ గొట్టం కట్టలేదు. షిఫ్టు దిగేటప్పుడు విప్పి చుట్టచుట్టి తన అలమరలో పెట్టుకునేవాడు. ఆయన లెక్క ఇది: ఎర్ర మీట తన చేతిలోనే ఉంది, తాను తిప్పితే తప్ప నైట్రోజన్ రాదు, తిప్పేది తానే కాబట్టి ముందు బావను పైకి పిలుస్తాడు. చొక్కాలో ఇరుక్కున్న ఆక్సిజన్‌ను కూడా నమ్మని మనిషి తన చేతిని నమ్మాడు.

మూడో రోజు పదకొండు దాటాక కరెంటు ఒక్కసారి మినుకుమంది. కంప్రెసర్ ఆగిపోయింది. గంటలు మోగాయి, ప్యానెల్ మీద దీపాలన్నీ ఎర్రబడ్డాయి. ఆ క్షణంలో ఆపరేటరు ఆలోచించడు, ఇరవై ఏళ్లుగా నేర్చిన చెయ్యి దానంతట అది కదులుతుంది. అన్నయ్య చెయ్యి ఎర్ర మీట తిప్పింది. పది సెకన్లు పట్టలేదట. తిప్పి ఉండకపోతే స్తంభంలోని ద్రవమంతా నేలపాలయ్యేది, మళ్లీ ఆ చలి పుట్టించడానికి మూడు రోజులు పట్టేది, ఊళ్లో ఆసుపత్రుల ట్యాంకులు అడుగంటేవి. తర్వాత ఇరవై నిమిషాలు ఒక్కో వాల్వునూ బుజ్జగిస్తూ ప్లాంటును నిలబెట్టాడు. షిఫ్టు ఇన్‌చార్జి వచ్చి భుజం తట్టి, "పదమూడూ, ప్లాంటుని కాపాడావయ్యా" అన్నాడు. ఎవరో టీ తెచ్చిచ్చారు. అన్నయ్య పుస్తకంలో టైము రాశాడు, గాలి ఆగినట్టు రాశాడు, నైట్రోజన్‌కు మార్చినట్టు రాశాడు. రాస్తుంటే ఆ మాట దగ్గర కలం ఆగింది.

మా ఆయనతో ఉన్న రెండో ఫిట్టరు వాషరు తేవడానికి స్టోరుకు వెళ్లాడు, అక్కడ వరసలో ఇరుక్కుపోయాడు. అన్నయ్య గుంట దగ్గరికి పరుగెత్తేసరికి మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పానా ఒళ్లో ఉంది. నిద్రపోతున్నట్టున్నాడు. గొట్టం ఇంకా మొహం మీదికి చల్లగా ఊదుతూనే ఉంది.

అన్నయ్య కుళాయి కట్టేశాడు. గుంటలోకి మాత్రం దిగలేదు. గుంట నిండా అదే ఉంది, మాస్కు లేకుండా దిగినవాడు కూడా పైకి రాడు. ఒకణ్ణి తేబోయి ఇద్దరు పోయిన సంగతులు ఆయనే పదిమందికి చెప్పేవాడు. మాస్కు రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాలూ అంచు మీద మోకాళ్లూని "బావా, బావా" అని పిలుస్తూ ఉన్నాడు. ఆయన చేసింది సరైన పనే అని అందరూ అన్నారు. సరైన పనే.

విచారణకు పెద్దలు వచ్చేలోపే ఇన్‌చార్జి ఆ గొట్టం విప్పించాడు. "ఫిట్టరు తనే తగిలించుకుని ఉంటాడు" అన్నాడు. అన్నయ్య నోరు తెరవబోతే పక్కకు తీసుకెళ్లి, "ఇక మీద రెండిళ్లూ నీ నెత్తినే ఉన్నాయి. నువ్వూ జైలుకి పోతే ఆ పిల్లల్నెవరు చూస్తారు? పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు" అన్నాడు. అన్నయ్య తెరిచిన నోరు మూసుకున్నాడు. మృతుడు అనుమతి లేకుండా గొట్టం వాడినందువల్ల, తన నిర్లక్ష్యం వల్ల మరణించాడని కాగితం వచ్చింది. నాకు చదివి వినిపించింది కూడా అన్నయ్యే. నిర్లక్ష్యం అన్న మాటను నోట్లోనే నమిలేశాడు. నా మీద జాలి అనుకున్నాను.

అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. దాన్ని పడుకోబెట్టి, మెషిను ముందు కూర్చుని, గోడ మీద ఫొటోతో పోట్లాడేదాన్ని. "ఎవరడగమన్నారయ్యా నిన్ను ఆ చల్లగాలి? కాస్త చెమటకి ఓర్చుకోలేకపోయావా? నన్నూ పిల్లనీ గాలికొదిలేసి ఎంత హాయిగా పోయావు!" అని పట్టపగలు కూడా తిట్టేదాన్ని. ఏడుపు రాని రోజున తిట్లొచ్చేవి. పదకొండేళ్లు తిట్టాను. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూడా విన్నారు.

అన్నయ్య రోజూ వచ్చేవాడు. కుళాయి కారితే ఆయనే, పిల్లకు జ్వరమొస్తే ఆయనే. రాగానే కిటికీలన్నీ బార్లా తెరిచేవాడు. ఎంత ఉక్కపోసినా ఫ్యాను కింద కూర్చునేవాడు కాదు. నేను వెయ్యబోతే "వద్దమ్మా" అని స్విచ్చు కట్టేసేవాడు. చొక్కా తడిసి ముద్దయ్యేది. వయసు మీద పడుతున్నకొద్దీ చాదస్తం ముదిరిందనుకుని నేనూ వదినా నవ్వుకునేవాళ్లం. గాలి మొహానికి తగలడం ఆయన ఓర్చుకోలేడని నాకేం తెలుసు?

ఇంకొకటి కూడా తెలియదు. కొత్తగా చేరినవాళ్లకు జాగ్రత్తల పాఠం చెప్పే పని ఆయనకే అప్పగించారు. ఏడాదికి రెండుసార్లు. అందులో ఒక భాగం రాసిచ్చిందే ఉంటుంది: ఒక ఫిట్టరు చల్లగాలి కోసం ఆశపడి, అనుమతి లేకుండా గొట్టం తగిలించుకుని, ప్రాణం పోగొట్టుకున్నాడు. పేరు చెప్పరు. ఇరవై రెండుసార్లు మా అన్నయ్య తన నోటితో ఆ మాట చెప్పాడు.

మా అమ్మాయి డిప్లమా పూర్తి చేసి అదే ప్లాంటులో ఆపరేటరు శిక్షణకు ఎంపికైంది. అన్నయ్య ఆ కబురు విని కూర్చుండిపోయాడు. "ఎక్కడైనా చేరనీ, ఇక్కడొద్దు" అన్నాడు.

"నీకున్న బుర్ర నా కూతురికి లేదనుకున్నావా?" అని ఎగిరిపడ్డాను.

"అది కాదే..."

"మరేంటో చెప్పు!"

చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. తర్వాత తెలిసింది, ఈసారి పాఠం ఇంకెవరికైనా ఇమ్మని ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాడట. నీకంటే బాగా ఎవరు చెబుతారయ్యా అన్నారట.

పాఠం రోజున మా అమ్మాయి ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మెషిను పక్కన కింద కూర్చుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, ఇవాళ మావయ్య నాన్న గురించి చెప్పాడు."

నా కాలు మెషిను మీద ఆగిపోయింది.

"ఒక ఫిట్టరు అన్నాడు. ఆశపడి గొట్టం తగిలించుకున్నాడు అన్నాడు. నావైపు చూడకుండా కిటికీలోకి చూస్తూ చెప్పాడు. నాకు మండిపోయింది. లేచి అడిగాను. సార్, ఆయన వాల్వుల ఫిట్టరు కదా, గాలి కుళాయి తాళం ఆపరేటరు దగ్గరే ఉంటుంది కదా, ఆయనెలా తగిలించుకున్నాడు అని."

"ఏమన్నాడు?"

"చేతిలో రాసిచ్చిన కాగితం మడిచేశాడమ్మా. తర్వాత, ఆయన తగిలించుకోలేదు, నేను తగిలించాను అన్నాడు. మీటా నేనే తిప్పాను అన్నాడు. అందరి ముందూ. మొదట్నుంచీ చివరిదాకా చెప్పాడు."

నేను గోడకేసి చూశాను. ఆయన ఎప్పటిలాగే నవ్వుతున్నాడు.

"ఎందుకు తగిలించారు, ఆయనడిగాడా అన్నాను. లేదు, ఆయనెప్పుడూ అడగలేదు, నాకే తోచింది అన్నాడు."

ఆ మాట వినగానే నాకు పౌడరు డబ్బా గుర్తొచ్చింది.

చెప్పులైనా వేసుకోకుండా అన్నయ్య ఇంటికి వెళ్లాను. దారంతా తిట్లు కూడగట్టుకుంటూనే వెళ్లాను, ఎందుకంటే నాకు తెలిసిన దారి అదొక్కటే. వదిన తలుపు తీసి పక్కకు తప్పుకుంది. ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది, కళ్లు వాచి ఉన్నాయి. గదిలో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, ఫ్యాను ఆగి ఉంది. అన్నయ్య బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"పదకొండేళ్లు మా ఇంటికొచ్చావు. నేను ఆయన్ని తిడుతుంటే కుర్చీలో కూర్చుని విన్నావు. ఒక్క రోజైనా నీ నోరు పెగల్లేదా? చచ్చిపోయిన మనిషిని కదయ్యా నేను తిట్టింది!"

తల వంచుకుని విన్నాడు. చెయ్యి ఎత్తి కొట్టినా ఊరుకునేవాడే. కొట్టాలనే ఉంది నాకు. చివరికి గొంతు అరిగిపోయి, అసలు అడగాల్సింది అడిగాను.

"నేను చెబితేనే కట్టావని పిల్లకెందుకు చెప్పలేదు?"

అన్నయ్య మొదటిసారి తలెత్తాడు. "నువ్వు గాలి అడిగావమ్మా" అన్నాడు. "నేను పెట్టింది గాలి కాదు."

అంతే. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. ఆయన దగ్గరికి రాలేదు, నేను రమ్మనలేదు.

ఆయన్ను క్షమించానా అంటే నాకు తెలియదు. ప్లాంటువాళ్లు మాత్రం క్షమించలేదు, రిటైరు కావడానికి ఏడు నెలలుండగా ఇంట్లో కూర్చోబెట్టారు. ప్లాంటును కాపాడిన చెయ్యి అదేనని ఎవరికీ గుర్తు రాలేదు. కాగితంలో ఆ నిర్లక్ష్యం అన్న మాట మార్చమని రాసిచ్చాడు. ఆ ఫైలు ఎప్పుడో మూసేశామన్నారు. కాబట్టి ఆ ఫైల్లో మా ఆయన ఇప్పటికీ ఆశపోతే.

ఆ రోజు నేను ఇంటికి తిరిగొచ్చేసరికి మా అమ్మాయి కదలకుండా అక్కడే కూర్చుని ఉంది. "మావయ్యకి ఎందుకు తోచిందమ్మా అలా?" అని అడిగింది.

"మావయ్యకి తోచలేదు. మీ నాన్న అడగలేదు" అన్నాను. "అడిగింది నేను."

అది నావైపు చూసింది. లేచి కాళ్లు కడుక్కుని, తినకుండానే అటు తిరిగి పడుకుంది. తెల్లవారి యూనిఫాం వేసుకుని ప్లాంటుకు వెళ్లింది. ఇప్పుడు అదే ప్యానెల్ ముందు కూర్చుంటోంది. నాతో మాట్లాడుతుంది, కూరలో ఉప్పు చాలకపోతే చెబుతుంది, ఆ సంగతి మాత్రం ఎత్తదు.

ఆ పొద్దున అది వెళ్లాక నేను మెషిను ముందు కూర్చుని, అలవాటు కొద్దీ ఫొటోకేసి తల తిప్పాను. ఎవరడగమన్నారయ్యా అని నోటిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది.